ట్రామా వార్డులో రోగి ఉండే రోజులు ఎందుకు తగ్గడం లేదు?

రికార్డురూము (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారం. నేను ఒక బోధనాసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తాను. ఊరు, పేరు అడగకండి. ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారు, ఎంతమంది చనిపోయారు, సగటున ఒక్కొక్కరు ఎన్ని రోజులు ఉన్నారు అని వార్డుల వారీగా నెలనెలా పట్టిక తీసి పైకి పంపాలి. ప్రతి సమీక్షలోనూ ట్రామా వార్డు వరస దగ్గర పెద్దాయన వేలు ఆగుతుంది. జనరల్ సర్జరీకి రెట్టింపు కనిపిస్తుంది మరి. "తగ్గించండి" అంటారాయన. "మాకు వచ్చే కేసులు అలాంటివి, ఏం చేయమంటారు" అంటారు ట్రామా వాళ్లు. ఆ ఒక్క అంకె పట్టుకుని రెండు పక్షాలూ వాదించుకుంటాయి. నాకేమో ఆ అంకెలో ఎవరికీ పనికొచ్చేది లేదని అనుమానం.

వార్డుల్లో పనిచేసేవాళ్లు, రోగులకు తోడున్నవాళ్లు చెప్పండి. ప్రమాదంలో దెబ్బలు తగిలి చేరిన మనిషికి రోజులు నిజంగా ఎక్కడ ఖర్చవుతున్నాయి? పట్టికలో ఏ గడి చేరిస్తే అది బయటపడుతుంది?

ఎముకల డాక్టరు

"కేసులు అలాంటివి" అనేవాళ్లలో నేనూ ఒకణ్ని. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

గాయాల తీవ్రత కొలవడానికి 1974 నుంచి వాడుకలో ఉన్న స్కోరు ఐఎస్ఎస్. ఒక్కో గాయానికి 1 నుంచి 6 వరకు అంకె ఇస్తారు. శరీరాన్ని ఆరు భాగాలుగా చేసుకుని, బాగా దెబ్బతిన్న మూడు భాగాల అంకెలను వర్గం చేసి కూడతారు. తలకు 4, ఛాతీకి 3, కాలికి 3 వేస్తే 16+9+9, అంటే 34. 15 దాటితే పెద్ద ట్రామా కిందే లెక్క. ప్రాణం దక్కే అవకాశం ఎంతో ఈ స్కోరు బాగానే చెబుతుంది. మంచం మీద ఎన్నాళ్లుంటాడో మాత్రం అంత బాగా చెప్పదు. ఒక్కో భాగం నుంచి ఒక్క గాయాన్నే తీసుకుంటుంది కాబట్టి, రెండు తొడ ఎముకలూ విరిగిన కుర్రాడికీ 9, ఒక్క తొడ విరిగినవాడికీ 9. ఈ లోపం సవరించి 1997లో ఇంకో పద్ధతి తెచ్చారు. మూడు పెద్ద గాయాలూ ఒకే భాగంలో ఉన్నా అది లెక్కలోకి తీసుకుంటుంది. అందులో ఆ కుర్రాడికి 18 వస్తుంది.

మా వార్డులో అందరికంటే ఎక్కువ కాలం ఉండేది తల పగిలినవాళ్లు అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో మోకాలి కింది పెద్ద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చినవాళ్లు. స్కోరు తక్కువే, ప్రాణభయమూ తక్కువే. పని మాత్రం బోలెడు. వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) గాయం తెరిచి మట్టి, కంకర, చచ్చిన కండ అంతా తీసేయాలి. బయటి నుంచి రాడ్లు బిగించి ఎముకను నిలబెట్టాలి. ఎముక మీద చర్మం మిగలకపోతే ప్లాస్టిక్ సర్జన్ వచ్చి వేరేచోటి కండతో కప్పాలి. బ్రిటన్ మార్గదర్శకాలు దీన్ని 72 గంటల్లోపు చేయమంటాయి. మన పెద్దాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీకి ఓటీ దొరికేది వారంలో ఫలానా రోజులే. ఈలోపు చీము పట్టిందంటే మళ్లీ శుభ్రం చేయడం, మళ్లీ మందులు, మళ్లీ వారాలు.

అందుకే "కేసులు అలాంటివి" అనేది సగమే నిజమంటాను. మిగతా సగం మా ఓటీ పట్టికలో ఉంది.

సంఖ్యలయ్య

కాలేజీలో సంఖ్యాశాస్త్రం చెబుతాను, ఆసుపత్రి సంగతులు తెలియవు. కానీ ఆ సగటు మీద నాకు పేచీ ఉంది.

ఊహించి ఒక లెక్క రాస్తున్నాను. పదిమంది రోగులు ఉన్న రోజులు: 3, 4, 4, 5, 5, 6, 7, 8, 12, 86. కూడితే 140, సగటు 14. కానీ పదిమందిలో తొమ్మిది మంది 14 కంటే తక్కువే ఉన్నారు! మధ్యస్థం, అంటే వరసలో సరిగ్గా మధ్యన పడే విలువ, 5.5. ఆ ఒక్క చివరి మనిషే మొత్తం మంచం రోజుల్లో 61 శాతం వాడుకున్నాడు. మీ పెద్దాయన "తగ్గించండి" అన్నప్పుడు ఎవరిని తగ్గించాలి? ఐదు రోజులవాణ్ని నాలుగుకు తెస్తే సగటు కదలదు. 86 రోజులు ఎందుకైందో చూసి, అలాంటివాడికి సగం రోజుల్లో దారి చూపిస్తే కదులుతుంది.

ఇంకొకటి. చేరిన రాత్రే చనిపోయినవాళ్లు పట్టికలో "1 రోజు"గా పడతారు కదా? అంటే మరణాలు పెరిగితే సగటు అందంగా కనిపిస్తుంది. డబ్బు లేక సంతకం పెట్టి మధ్యలో వెళ్లిపోయేవాళ్లదీ అదే సంగతి. ప్రాణంతో డిశ్చార్జి అయినవాళ్లు, చనిపోయినవాళ్లు, వైద్యుల సలహా కాదని వెళ్లినవాళ్లు, వేరే ఆసుపత్రికి పంపినవాళ్లు, ఈ నలుగురినీ ఒకే సంచిలో పోసి తీసిన సగటును నేనైతే విద్యార్థి పరీక్షలో రాసినా కొట్టేస్తాను.

పెన్నాతీరం

మీరంతా చదువుకున్నవాళ్లు, స్కోర్లు చెబుతున్నారు. నేను తోడున్నవాడి సంగతి చెబుతాను.

మా తమ్ముడి బైకును లారీ కొట్టింది. తొడ విరిగింది. 108లో జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి నగరానికి. రాడ్ వేయాలన్నారు, సరే అన్నాం. కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా ఇటుకలు వేలాడదీశారు. ఆ ఇటుకలు అలాగే ఉన్నాయి. మత్తు డాక్టరు గుండె పరీక్ష రాశారు, దానికి ఇంకో భవనంలో తేదీ ఇచ్చారు. పరీక్ష అయ్యేసరికి శనివారం. సోమవారం పేరు ఎక్కించారు. ఆ ఉదయం బస్సు బోల్తా కేసులు రావడంతో పేరు తీసేశారు. వాళ్ల ప్రాణాలు ముఖ్యం, కాదనను. మంగళవారం రాడ్ సైజు రాలేదు. ఖాళీ కడుపుతో ఉంచడం, మధ్యాహ్నం "ఇవాళ లేదు, అన్నం పెట్టండి" అనడం. మా అమ్మ మంచం కింద చాప వేసుకుని పడుకునేది. అది మొదటి వారమే. ఆపరేషన్ మాత్రం గంటన్నరలో అయిపోయింది.

ఏ రోజు దేనికి పోయిందో మీ పట్టికలో ఉందా రికార్డురూము గారూ?

రికార్డురూము

లేదండీ. చేరిన తేదీ, వెళ్లిన తేదీ మాత్రమే ఉన్నాయి. ఆపరేషన్ తేదీ ఓటీ పుస్తకంలో విడిగా ఉంటుంది. ఆ రెండూ ఇంతవరకు ఎవరూ కలపలేదు.

మిత్రడెస్కు

ఆరోగ్యశ్రీ డెస్కులో పనిచేస్తాను. ఆలస్యమంటే అందరూ మా వైపు చూస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

2007లో పథకం మొదలైనప్పటి నుంచి చెల్లింపు ప్యాకేజీ పద్ధతిలోనే. తొడ ఎముక ఆపరేషన్‌కు ఇంత అని ఉంటుంది, రోగి ఐదు రోజులున్నా పదిహేను రోజులున్నా పెద్దగా తేడా రాదు. కాబట్టి రోజులు పెరిగితే నష్టం ఆసుపత్రికే. అత్యవసరమైతే ఫోనులో అనుమతి తీసుకునే వీలు ఉంది, కాగితాలు తర్వాత ఎక్కించవచ్చు. ఆగేది ఎక్కడంటే, స్పృహ లేని మనిషి కార్డు లేకుండా వస్తాడు. ఇంటివాళ్లు వచ్చేసరికి మర్నాడు అవుతుంది. కార్డులో పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి. ప్రమాదం కేసు కాబట్టి ఎంఎల్‌సీ (పోలీసుల కోసం ఆసుపత్రి రాసే మెడికో లీగల్ కేసు కాగితం) నకలు కావాలి, అది క్యాజువాలిటీలో ఎవరి దగ్గరో ఉంటుంది. ఒక్కో కాగితానికి ఒక్కో పూట.

కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసిన నగదురహిత పథకం గురించీ అడుగుతున్నారు. రోడ్డు ప్రమాద బాధితులెవరికైనా లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు చికిత్స. మొదటి గంటల్లో డబ్బు కోసం ఆగకుండా ఉండటానికి మంచిదే. కానీ డాక్టరు గారు చెప్పిన ఆ బయటికొచ్చిన ఎముక కేసును తీసుకోండి. ఏడో రోజుకు ప్లాస్టిక్ సర్జన్ మొదటిసారి చూసి ఉంటాడంతే.

నైట్‌డ్యూటీ

ట్రామా ఐసీయూలో స్టాఫ్ నర్సుని. డాక్టరు గారు తల దెబ్బలను తేలిగ్గా దాటేశారు, ఒప్పుకోను.

ఎముకల వార్డులో కాళ్లవాళ్లు ఎక్కువ కాలం ఉంటారేమో. కానీ వనరులు అంటే మంచం ఒక్కటే కాదు కదా. స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో స్కోరు 15కి 8, అంతకంటే తక్కువ ఉన్న మనిషి వస్తే గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలి. ఒక మనిషికి ఒక నర్సు కావాలి. సీటీ ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. వెంటిలేటర్ రోజులు పెరిగితే న్యుమోనియా, దానికి ఖరీదైన యాంటీబయాటిక్, దానివల్ల ఇంకా కొన్ని రోజులు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము దగ్గర పుండు పడుతుంది. రాత్రి ఇద్దరమే ఉంటే అంత బరువున్న మనిషిని ఎన్నిసార్లు తిప్పగలం? పుండు పడిందంటే తల బాగైనా ఇంటికి పంపలేం.

ఇక మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టినవాళ్లు. మెదడు నెమ్మదిగా కోలుకుంటోంది, ఐసీయూ అవసరం లేదు, ఇంటికి పంపవచ్చు అని రాస్తారు. ఇంటికి ఎలా? భార్యకు నేర్పాలి. లోపలి గొట్టం తిప్పి తీయడం, ఉప్పునీళ్లలో కడగడం, బ్రష్‌తో లోపలి తెమడ తీయడం, మళ్లీ తాళం పడేలా పెట్టడం. తెమడ లాగే సక్షన్ గొట్టం ఎంత లోపలికి వెళ్లాలి, ఎంతసేపు లాగాలి. మొదటి రోజు ఆమె చేతులు వణుకుతాయి. భర్త దగ్గితే భయపడి వదిలేస్తుంది. నాలుగైదుసార్లు నా ముందే చేయించి, నేను చేతులు కట్టుకుని నిలబడి, తప్పు లేకుండా చేసిందంటే అప్పుడు సరే అంటాను. సక్షన్ యంత్రం అద్దెకు దొరకాలి, ఊళ్లో కరెంటు ఉండాలి. ఈ నేర్పే పనికి ఏ ప్యాకేజీలోనూ వరస లేదు. నేర్పకుండా పంపితే వారంలో తిరిగి వస్తారు, లేదా రారు.

ఎముకల డాక్టరు

సిస్టర్ గారు చెప్పింది సరైనదే. ఐసీయూ గురించి మాట్లాడే అర్హత నాకంటే ఆవిడకే ఎక్కువ.

పెన్నాతీరం గారికి. మీ తమ్ముడికి జరిగినదాన్ని సమర్థించను. తొడ ఎముకను తొందరగా బిగిస్తే మేలని 1989లోనే అమెరికాలో ఒక పరిశీలన తేల్చింది. 24 గంటల్లోపు బిగించినవాళ్లనూ, రెండు రోజుల పైన ఆగినవాళ్లనూ పోల్చారు. ఒంటినిండా దెబ్బలున్నవాళ్లలో ఆలస్యమైనకొద్దీ ఊపిరితిత్తుల సమస్యలు, ఐసీయూ రోజులు, మొత్తం రోజులు అన్నీ పెరిగాయి. కదలకుండా వెల్లకిలా పడుకోవడమే పెద్ద జబ్బు. (మనిషి మరీ కుదేలై ఉంటే, రక్తపోటు నిలవకపోతే, అప్పుడు బయటి రాడ్లతో ఆపి తర్వాత చేయడం మంచిది. అది వేరే చర్చ.)

కాబట్టి ట్రాక్షన్ రోజులు, అంటే కాలికి అలా బరువు కట్టి ఉంచిన రోజులు, ఖర్చు లేని రోజులు కావు. ఇటుకలు చవకే. వాటివల్ల వచ్చే న్యుమోనియా చవక కాదు.

రోడ్డువాది

ఇంత చర్చలో హెల్మెట్ మాట ఒక్కరూ ఎత్తలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వాళ్లలో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాలవాళ్లే. హెల్మెట్ తల గాయాన్ని 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుందని పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష. అందరూ పెట్టుకుంటే సిస్టర్ గారి ఐసీయూ సగం ఖాళీ అవుతుంది.

నిర్వాహకులు

హెల్మెట్‌కు వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి రండి. ఇక్కడ ఆసుపత్రిలో చేరిన తర్వాతి సంగతులే.

ఇంగ్లండు తెలుగు

ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో) ట్రామా విభాగంలో రిజిస్ట్రారుని, అంటే స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టరుని. గుంటూరులో చదువుకున్నాను కాబట్టి రెండు చోట్లా చూశాను.

2012లో ఇంగ్లండు అంతటా ట్రామా నెట్‌వర్కులు ఏర్పాటుచేశారు. పెద్ద దెబ్బలవాళ్లను దగ్గరి చిన్న ఆసుపత్రిని దాటించి నేరుగా పెద్ద కేంద్రానికి తెస్తారు. ప్రతి రోగికీ పునరావాసం కోసం ఒక ప్రిస్క్రిప్షన్ రాయాలి, మందుల చీటీలాగే. అవి రాస్తేనే ఆసుపత్రికి అదనపు చెల్లింపు. ఓటీ కోసం వారం ఆగడం ఇక్కడ అరుదు. అయితే ఇక్కడ ఆగేది ఇంకోచోట. ప్రమాదమంటే యువకుడు, బైకు అనుకుంటాం. 2017లో ఇక్కడి ట్రామా రిజిస్ట్రీ ఇచ్చిన నివేదిక ప్రకారం పెద్ద గాయాలకు ఎక్కువసార్లు కారణం రెండు మీటర్ల కంటే తక్కువ ఎత్తు నుంచి పడటం, అంటే ఇంట్లో జారిపడే ముసలివాళ్లు. ఎముక అతుక్కుంటుంది, ఇంట్లో చూసేవాళ్లుండరు. స్థానిక సంస్థ మనిషిని ఏర్పాటుచేసేదాకా వార్డులోనే. మన ఊళ్లో అమ్మ మంచం కింద చాప వేసుకుని చేసే పనికి ఇక్కడ ఫారం నింపి వారాలు ఎదురుచూస్తారు.

డబ్బు గురించి ఒక మాట. చివరి రోజులు తగ్గిస్తే బోలెడు ఆదా అని పెద్దలు నమ్ముతారు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వాళ్లు 2000లో లెక్క తీస్తే, చివరి పూర్తి రోజు ఖర్చు మొత్తం చికిత్స ఖర్చులో 3 శాతం కూడా లేదు. సీటీలు, రక్తం, ఓటీ, ఐసీయూ అన్నీ మొదటి రోజుల్లోనే అయిపోతాయి.

సంఖ్యలయ్య

డబ్బు ఆదా కాకపోవచ్చు, మంచం ఆదా అవుతుంది. లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఉంది. లోపల ఉన్నవాళ్ల సంఖ్య = రోజుకు వచ్చేవాళ్లు × ఉండే రోజులు. 30 మంచాల వార్డులో సగటున 10 రోజులుంటే రోజుకు ముగ్గురినే తీసుకోగలరు. 8 రోజులకు తెస్తే నాలుగు రోజులకు పదిహేను మందిని తీసుకోవచ్చు. అంటే ముందుకంటే ముగ్గురు ఎక్కువ. ఒక్క మంచం కొనకుండా!

ఇదే సందర్భంలో సగటు పనికొస్తుంది. మంచాల అవసరం లెక్కించడానికి సగటు, మామూలు రోగి అనుభవం చెప్పడానికి మధ్యస్థం. రెండూ ఇవ్వండి.

ఫిజియో

వెన్నుపూస దెబ్బలు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. తాటిచెట్టు మీంచి పడినవాళ్లు, గోడ కూలినవాళ్లు. నడుము కింద స్పర్శ లేదు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే శస్త్రచికిత్స పరంగా అతనితో పని అయిపోతుంది. అసలు పని అప్పుడే మొదలు. కూర్చోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మూత్రానికి గొట్టం తానే వేసుకోవడం, రోజూ అద్దంలో పిరుదులు చూసుకోవడం. ఇది నేర్పే చోటు వేరే ఉండాలి. వెల్లూరు సీఎంసీలో మేరీ వర్గీస్ పేరు మీద పునరావాస సంస్థ ఉంది. ఆవిడకు 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి, తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. అలాంటి చోట్లు మన రెండు రాష్ట్రాల జనాభాకు ఎన్ని ఉండాలో ఆలోచించండి. లేవు కాబట్టి ట్రామా వార్డే ఇతని పునరావాస కేంద్రం. సంఖ్యలయ్య గారి 86 రోజుల మనిషి ఇతనే.

ఆదివారాలు ఫిజియో ఉండరు. శనివారం ఆపరేషన్ అయితే సోమవారం దాకా ఎవరూ కూర్చోబెట్టరు. ఇదీ రాయండి.

మిత్రడెస్కు

ఇంటికి వెళ్లాక తిండికి అని ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పెట్టారు, విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా. డబ్బులు పడతాయని తెలిస్తే ఇంటికి బయలుదేరేవాళ్లను మా డెస్కు ముందే చూశాను. రోజులు తగ్గించడానికి వార్డు బయట చేసే పనులూ ఉన్నాయని చెప్పడానికి రాశాను.

పెన్నాతీరం

ఒక్క అభ్యంతరం. రేపు మీ పట్టికలో "ఇంటికి పంపవచ్చు, అయినా పోలేదు" అని రాస్తే తప్పు మా మీద పడుతుంది. మా తమ్ముణ్ని కట్లు విప్పకముందే పంపుతామన్నారు. మా ఊరికి బస్సు దిగి ఆటోలో పోవాలి, కట్టు మార్చేవాళ్లు లేరు, రెండు రోజులకొకసారి కారు మాట్లాడుకుని రమ్మంటే ఒక్కసారికే వారం కూలీ పోతుంది. వెళ్లం అని మేం పట్టుబట్టాం. మీ భాషలో మేం మంచం ఆపినవాళ్లం. ఆ మంచం మాకు కట్టు మార్చే చోటు, అంతే.

ఇంగ్లండు తెలుగు

అందుకే ఇక్కడ కారణం రాయడం తప్పనిసరి. రోగి, కుటుంబం నిరాకరించారు అని ఒక గడి ఉంటే సరిపోదు, ఎందుకు నిరాకరించారో ఉండాలి. మీ కేసులో అది "ఊరి దగ్గర డ్రెస్సింగ్ ఏర్పాటు లేదు". ఆ వరస చదివితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక చీటీ, ఒక ఫోను చాలని తెలుస్తుంది.

రికార్డురూము

అందరివీ కలిపి ఇలా అనుకుంటున్నాను. ఒక్కో రోగికి చేరిన తేదీతో పాటు మొదటి ఆపరేషన్ తేదీ, ఐసీయూ రోజులు, వెంటిలేటర్ రోజులు, "ఇంటికి పంపవచ్చు" అన్న తేదీ, నిజంగా వెళ్లిన తేదీ, ఎలా వెళ్లారు. ఆపరేషన్‌కు ముందు ఆగిన ప్రతి రోజుకూ కారణం: ఓటీ, పరీక్ష, ఇంప్లాంట్, రక్తం, అనుమతి, ఒంట్లో బాగోలేదు. తర్వాత ఆగిన రోజులకు ఇంకో వరుస. చనిపోయినవాళ్ల రోజులు విడిగా. సగటు, మధ్యస్థం రెండూ. ముప్పై రోజులు దాటినవాళ్లను సగటులో కలిపి వదిలేయకుండా ఒక్కొక్కరి కేసు షీటు తీసి సమీక్షలో పెడతాను.

"ఇంటికి పంపవచ్చు" తేదీ ఎవరు రాస్తారన్నదే తేలాలి. ఇప్పుడు అది ఎక్కడా లేదు.

నైట్‌డ్యూటీ

గడులు పెట్టండి, నర్సుల మీద మాత్రం వేయకండి. ఇప్పటికే రాత్రి సగం రాతలోనే పోతుంది. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు నోటితో అన్నప్పుడు పక్కనున్న పీజీ డాక్టరు అక్కడికక్కడే కేసు షీటు మీద రాయాలి. మధ్యాహ్నం గుర్తుతెచ్చుకుని రాసే తేదీలు నాకు తెలుసు.

ఎముకల డాక్టరు

మా యూనిట్‌లో పీజీల చేత రాయిస్తాను. ఆగిన కారణం "ఓటీ లేదు" అయితే నా సంతకంతోనే రాయిస్తాను. రికార్డురూము గారూ, మీ ఫారం నమూనా ఇక్కడ పెట్టండి, ఒక పేజీ దాటనివ్వకండి.